ఒక్క లైను – ఊరందరి అవసరములు

గ్రామ పంచాయతీలకు ఇంటర్నెట్టు చేర్చుటకై కేంద్ర ప్రభుత్వము 2011లో జాతీయ ఆప్టికల్ ఫైబరు పథకమును ఆమోదించినది. అదియే నేటి భారత్‌నెట్. కాని ఊరికి లైను వచ్చినంతమాత్రమున అందరి అవసరములును తీరవు. ఒకే లైనును కార్యాలయము, పాఠశాల, ఆరోగ్య ఉపకేంద్రము పంచుకొనునపుడు, ఏ సమాచారమును ఎచ్చటనుండి తెచ్చుకొనవలెనో పంచాయతీ సభ్యులు ముందుగా నిర్ణయింపవలెను.

ఒక లెక్క చూతము. లైను వేగము సెకనుకు 10 మెగాబిట్లు అనుకొందము. 500 మెగాబైట్ల వీడియో పాఠమనగా 4,000 మెగాబిట్లు. దానిని ఒకసారి తెచ్చుటకు 400 సెకనులు, అనగా 7 నిమిషములలోపు పట్టును. 20 మంది ఎవరికివారే తెచ్చుకొన్నచో 8,000 సెకనులు, అనగా 2 గంటలకు పైగా లైను నిండిపోవును. ఆ సమయమున పింఛను దరఖాస్తు పంపవచ్చిన వృద్ధురాలు వేచియుండవలసినదే. అదే పాఠమును ఒకసారి తెచ్చి పాఠశాల కంప్యూటరులో భద్రపరచినచో, తక్కినవారు వై-ఫై ద్వారా అచ్చటనుండియే గ్రహింపవచ్చును. బయటి లైనుపై భారము పడదు.

కావున సమాచారమును రెండు తరగతులుగా విభజించుట మేలు. దరఖాస్తులు, వాతావరణ హెచ్చరికలు, మార్కెట్ ధరలు ఎప్పటికప్పుడు మారునవి. వీనికి లైను అవసరము. పాఠములు, వ్యవసాయ పుస్తకములు, విజ్ఞాన సర్వస్వములు త్వరగా మారవు. వీనిని ఊరిలోనే నిలువ చేయవచ్చును. కివిక్స్ అను ఉచిత సాధనముతో తెలుగు వికీపీడియాను సైతము కంప్యూటరులో ఉంచుకొని, లైను లేకయే చదువవచ్చును.

ఒకే విషయము పలు రూపములలో లభించునపుడు తేలికైనదానిని ఎన్నుకొనవలెను. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున ఒక గంట ప్రసంగము వినుటకు సుమారు 29 మెగాబైట్లు చాలును. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వీడియోగా చూచుటకు 450 మెగాబైట్లు కావలెను. ధరల పట్టికకు అక్షరములున్న పుటయే చాలును.

నిలువ ప్రతులపై తెచ్చిన తేదీని తప్పక వ్రాయవలెను. పథకముల నియమములు మారుచుండును గనుక వానిని సంబంధిత శాఖ సైటులోనే సరిచూడవలెను. పెద్ద ఫైళ్లను, కంప్యూటరు అప్‌డేట్లను రాత్రివేళ తెచ్చుట మంచిది.

చెరువు నీటిని వంతులవారీగా వదలుటకు నీరుగంటి ఉన్నట్లే, ఈ లైనునకును బాధ్యుడొకడు ఉండవలెను. పంచాయతీ తన సమావేశమున తీర్మానము చేసి అట్టివానిని నియమించుకొన్నచో, ఉన్న వేగమే ఊరందరకును అక్కరకు వచ్చును.