మంటలోంచి లేజర్ కిరణం

లేజర్ కిరణం మంటలోంచి వెళ్తే ఏమవుతుంది, కాలిపోతుందా అని మన హాస్టల్ తమ్ముళ్లు అడుగుతుంటారు. కాలదు. మంట అంటే గోడ కాదు, వేడెక్కిన వాయువు. పైగా కాంతికి కాంతి అడ్డు రాదు. గ్యాస్ స్టవ్ నీలి మంటలోంచి ఎర్రని లేజర్ దాదాపు మొత్తం అవతలికి వెళ్లిపోతుంది.

కాకపోతే తిన్నగా వెళ్లదు. "కాంతి రుజుమార్గంలో ప్రయాణిస్తుంది" అని మనమంతా బట్టీ పట్టినవాళ్లమే. దానికి ముందు "సజాతీయ యానకంలో" అన్న మాట ఒకటి ఉంది. పరీక్షలో చాలామంది వదిలేసేది అదే, అసలు కిటుకంతా ఉన్నదీ అందులోనే. మామూలు గాలి వక్రీభవన గుణకం సుమారు 1.00027. మంటలో ఉష్ణోగ్రత 1700 డిగ్రీల సెల్సియస్ దాకా పోతే వాయువు వ్యాకోచించి, సాంద్రత ఆరేడు రెట్లు తగ్గి, ఈ గుణకం 1.00004 దగ్గరికి దిగుతుంది. ఇంత చిన్న తేడా ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. కానీ మంట అంచు ఒక్క క్షణం కూడా ఒకచోట ఉండదు. కిరణం వంగే కోణం మారుతూ ఉంటుంది. పది మీటర్ల అవతల గోడ మీద చుక్క కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ వణుకుతుంది. (చేసి చూసేవాళ్లు గోడ మీది చుక్కనే చూడండి, కిరణంలోకి కన్ను పెట్టొద్దు.) ఎండాకాలం తారురోడ్డు మీద దూరపు బస్సు అలల్లా కదిలి కనిపించేదీ ఇందుకే.

కట్టెల పొయ్యి మంట సంగతి వేరు. అందులో పసుపు రంగులో వెలిగేవి మసి రేణువులు. అవి కాంతిని కొంత మింగుతాయి, కొంత చెదరగొడతాయి. అలాగైతే లేజర్ శక్తి పెంచితే సరిపోతుందా? శక్తివంతమైన పల్స్ తగిలితే మసి రేణువు దాదాపు 4000 కెల్విన్ దాకా వేడెక్కి, ధగధగా మెరిసి, ఆవిరవడం మొదలుపెడుతుంది. ఆ మెరుపును కొలిచే ఇంజన్లలో మసి ఎంత పుడుతుందో లెక్కగడతారు. అంతకన్నా శక్తిని ఒకే బిందువు మీదికి చేరిస్తే వాయువే అయనీకరణం చెంది, టప్పుమని ప్లాస్మా పుట్టి, వెనకాల వచ్చే కాంతిని తనే మింగేస్తుంది. కాబట్టి బలం పెంచినంత మాత్రాన దారి దొరకదు. తగిన తరంగదైర్ఘ్యం ఎంచుకోవాలి.

ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. ఇల్లు అంటుకున్నప్పుడు మంట వెనక మనిషి ఉన్నాడో లేడో అగ్నిమాపక సిబ్బందికి తెలియాలి. మామూలు పరారుణ కెమెరా పొగలోంచి చూడగలదు కానీ మంట ఎదురైతే దాని వెలుగుకే గుడ్డిదవుతుంది. ఇటలీ శాస్త్రవేత్తలు 2013లో ప్రకటించిన ప్రయోగంలో 10.6 మైక్రోమీటర్ల పరారుణ లేజర్ వాడారు. మసి రేణువు దీని ముందు చాలా చిన్నది, అందుకని పెద్దగా అడ్డుపడదు. కిరణాన్ని విశాలంగా పరిచి, మంట వెనక నిలబడ్డ మనిషి మీద వేసి, తిరిగొచ్చిన కాంతితో హోలోగ్రామ్ తీశారు. ఇందులో కటకం ఉండదు కనుక మంట వెలుగు ఒకచోట పోగుపడక సెన్సర్ అంతటా పలచగా పరుచుకుంటుంది. వ్యతికరణ పట్టీలు ఏర్పరిచేది లేజర్ కాంతి మాత్రమే. వాటినుంచి కంప్యూటర్ లెక్కగట్టగా మంట పక్కకు తప్పుకుని, వెనకున్న మనిషి ఆకారం తెర మీదికి వచ్చింది.