మన ఇంట ఉండే పనివారు: వారి సెలవు, వారికి మన కృతజ్ఞత

 



మన నూజివీడు సీమలో మామిడి కాపు దిగే రోజులంటే ఇంటింటా సందడి. తోటల నుండి బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు బండ్లకెక్కి నున్న మార్కెట్‌కు తరలిపోతుంటాయి. ఊళ్ళ నుండి చుట్టాలు దిగుతారు. ఆవకాయ జాడీలు అటక మీది నుండి క్రిందికి వస్తాయి. ఈ సందడి అంతటి బరువు ఎవరి చేతుల మీద నడుస్తున్నదో ఒక్కసారి వంటింటి వైపు తిరిగి చూద్దాం. కత్తిపీట ముందు కూర్చుని తెల్లవారినది మొదలు టెంకతో సహా కాయలు తరిగేది మన ఇంటిపట్టున ఉండే పనిమనిషే. కాయ సొన తగిలి చర్మం పొక్కేది ఆమె వేళ్ళే. చుట్టాలు లేచేసరికి టీ పెట్టేది, వారు పడుకున్న తరువాత గిన్నెలు కడిగేది కూడా ఆమెయే. తోట చివర తాటాకు పాకలో, పూత పట్టినది మొదలు చివరి కాయ దిగేవరకు కోతులనూ, దొంగలనూ, గాలివానలనూ కాచుకుని ఉండే కావలి కుటుంబం సంగతి కూడా ఇటువంటిదే. వీరంతా ఉదయం వచ్చి సాయంత్రం వెళ్ళే కూలీలు కారు. మన కప్పు క్రిందనే నిద్రిస్తారు. అందువల్లనే వారి పనికి మొదలూ తుదీ లేకుండా పోయింది.

మన ఇళ్ళలో ఒక మాట తరచు వినిపిస్తుంది: “ఆమె మాకు పనిమనిషి కాదండీ, ఇంటిమనిషి.” ఈ మాట అనేవారిలో చాలామంది చిత్తశుద్ధితోనే అంటారు. ఆ మాటను మేము కాదనబోము. అయితే ఆ ఇంటిమనిషికి సొంత ఇల్లు ఒకటి ఉన్నదా, అక్కడికి వెళ్ళి ఆమె ఎన్నాళ్ళయింది అని అడిగితే మాత్రం జవాబు తడబడుతుంది. ఇంటిమనిషి గనుక జీతం గట్టిగా అడగరాదు, ఇంటిమనిషి గనుక సెలవు కోరరాదు అన్నట్లుగా ఆ మంచి మాటే ఆమె నోటికి తాళమైపోతున్నది.

ఈ విషయంలో దివ్య ఖుర్ఆన్ మనకు ఒక ప్రవక్త జీవితాన్నే చూపుతున్నది. ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఈజిప్టు విడిచి మద్‌యన్ చేరిన వృత్తాంతం మనం ఎన్నోసార్లు విన్నాము. ఆకలితో, దిక్కులేని స్థితిలో ఉన్న ఆయన బావి దగ్గర ఇద్దరు స్త్రీల గొర్రెలకు నీరు తోడి పెట్టారు. కూలి అడగలేదు. నీడకు వెళ్ళి కూర్చుని ప్రభువును వేడుకున్నారు. అయినప్పటికీ ఆ స్త్రీల తండ్రి, ఆ సహాయానికి ప్రతిఫలం ఇవ్వడానికి ఆయనను పిలిపించుకున్నారు. వ్యాఖ్యాతలలో పలువురు ఆ పెద్దమనిషిని హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) గా చెప్పారు. అడగని కూలిని సైతం పిలిచి ఇవ్వబూనారంటే కృతజ్ఞత ఎంత దూరం వెళ్ళాలో గ్రహించండి. ఆ తరువాత కుదిరిన ఒప్పందం మరింత గమనించదగినది. కుమార్తెనిచ్చి వివాహం చేస్తాను, ఎనిమిదేళ్ళు నా దగ్గర పనిచేయాలి, పదేళ్ళు పూర్తి చేస్తే అది నీ ఇష్టం, నిన్ను కష్టపెట్టడం నా ఉద్దేశం కాదు అని ఆ యజమాని ముందే చెప్పారు. మూసా (అలైహిస్సలాం) కూడా, ఆ రెండు గడువులలో దేనిని పూర్తిచేసినా తనపై ఒత్తిడి ఉండరాదని తేటతెల్లం చేసుకుని, అల్లాహ్‌ను సాక్షిగా నిలిపారు. అంటే మామా అల్లుళ్ళు కాబోతున్నవారు కూడా గడువును, హద్దును నోటితో చెప్పుకున్నారు. బంధుత్వం ఉన్నది కదా అని ఒప్పందాన్ని గాలికి వదలలేదు. గడువు తీరగానే ఆయన తన ఇంటివారిని వెంటబెట్టుకుని బయలుదేరారు. తూర్ పర్వతం వైపున అగ్నిని చూసినది ఆ ప్రయాణంలోనే.

మన ఫఖీహ్‌లు ఈ విషయాన్ని ఇజారా అధ్యాయంలో వివరంగా చర్చించారు. ఫలానా పనికి కాక, ఫలానా కాలానికి తన్ను తాను ఒకరికి అప్పగించుకున్న పనివాడిని ‘అజీరె ఖాస్’ అంటారు. కాలం, కూలి రెండూ స్పష్టంగా తెలిసి ఉండాలి. లేనిచో ఆ ఒప్పందం ఫాసిద్. అందువల్లనే హనఫీ పండితులు, పాలిచ్చే దాదిని మినహాయిస్తే, కేవలం తిండి, బట్టల మీద మనిషిని పనికి పెట్టుకోవడాన్ని అంగీకరించలేదు. దాది విషయంలో కూడా ఇమాం అబూ హనీఫా (రహిమహుల్లాహ్) అనుమతించగా ఆయన శిష్యులిద్దరు అంగీకరించలేదు. ‘తిండి పెట్టి, బట్ట ఇచ్చి ఉంచుకుంటున్నాం, ఇంకేం కావాలి?’ అనేవారు ఈ మస్‌అలాను మరొకసారి తమ ఇమాం గారి వద్ద అడిగి తెలుసుకోవాలి.

ఇక సెలవు నాటి జీతం సంగతి. హిజ్రీ పదవ శతాబ్దపు హనఫీ పండితుడు ఇబ్నె నుజైమ్ తన ‘అల్ అష్‌బాహ్ వన్నజాయిర్’ గ్రంథంలో, ఆచారానికి షరీఅత్‌లో గల స్థానాన్ని వివరిస్తూ, మద్రసాల సెలవుల ప్రస్తావన తెచ్చారు. శుక్రవారం నాడు, పండుగలలో, రమజాన్‌లో పాఠాలు జరగని రోజులకు ఉపాధ్యాయునికి జీతం చెల్లుతుందా అన్నది అక్కడి చర్చ. సెలవు ఇవ్వడం వాడుకలో ఉన్నచోట ఆ వాడుకయే ముందు చెప్పుకున్న షరతుతో సమానం. సోదరులారా, మేము మద్రసాలో చదివిన రోజుల్లోను, తరువాత చదువు చెప్పిన రోజుల్లోను శుక్రవారం సెలవును అనుభవించాము. ఆ రోజు జీతం ఎవరూ కోయలేదు. మాకు హలాల్ అయిన ఆ విశ్రాంతి, ఆ శుక్రవారమే మాకు అన్నం వండిపెట్టిన మనిషికి ఎందుకు వర్తించలేదన్న ప్రశ్న మాకు చాలా ఏళ్ళ వరకు తట్టనేలేదు.

తట్టిన సందర్భం చెప్పుకోవడం మాకు సులభం కాదు. అయినా చెబుతాము. మా తల్లిగారికి పక్షవాతం వచ్చి మంచాన పడినప్పుడు, ప్రక్క పల్లె నుండి ఒక క్రైస్తవ సోదరి మా ఇంట ఉండి నాలుగేళ్ళు సేవ చేసింది. మేము ఆమెను పల్లెత్తు మాట అనలేదు. జీతం ఏ నెలా ఆపలేదు. ఆమెకు హాస్టలులో చదువుకునే కూతురు ఉండేది. ఆ పిల్లకు వేసవి సెలవులిచ్చే రోజులే మా ఇంటికి చుట్టాలు వచ్చే మామిడి రోజులు. ఇంటికి వెళ్ళివస్తానని ఆమె అడిగినప్పుడల్లా ‘అమ్మీని ఎవరు చూస్తారమ్మా, చుట్టాలు వెళ్ళనీ’ అనేవారము. ఆమె సరే అనేది. మా తల్లిగారు అల్లాహ్ సన్నిధికి చేరిన తరువాత, చీర, కొంత పైకం ఇచ్చి పంపుతుంటే ఆమె ఒక్క మాట అన్నది: “పెద్దమ్మగారు పోయాకనే నాకు ఇంటికెళ్ళే తీరిక దొరికింది సాయిబుగారూ.” నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అన్నది. హజ్రత్ అనస్ (రజియల్లాహు అన్హు) పదేళ్ళు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సేవలో ఉన్నారనీ, ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా విసుగు మాట వినలేదనీ మింబర్ మీద ఎన్నోసార్లు చెప్పినవారము మేము. విసుక్కోకపోవడమే సరిపోతుందని అనుకున్నాము. ఆ మహనీయులు తమ సేవకులను, నీకేమైనా అవసరం ఉన్నదా అని స్వయంగా అడిగేవారన్న ఉల్లేఖనం కూడా మాకు తెలుసు. దానిని ఆచరించలేదు.

ఆదివారం చర్చికి వెళ్తానన్నా, ఉగాదికి ఊరికి వెళ్తానన్నా, పనివారు ముస్లిములు కారు గదా, వారి పండుగతో మనకేమి అని కొందరు అంటారు. మదీనాలో ఒక యూద బాలుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కు సేవ చేసేవాడు. అతడు జబ్బుపడినప్పుడు ఆయన అతని ఇంటికి వెళ్ళి తలాపున కూర్చున్నారని సహీహ్ బుఖారీలో ఉన్నది. గమనించండి, ఆ బాలుడు జబ్బుపడి ఉన్నది తన సొంత ఇంట్లో, తన తండ్రి చెంత. మన ఇంట్లో పనివారికి జ్వరం వస్తే ఎక్కడ పడుకుంటున్నారు?

హజ్రత్ అబూజర్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు భావం ఇది: మీ సేవకులు మీ సోదరులు, మీరు తినేదే వారికి తినిపించాలి, మీరు తొడిగేదే తొడిగించాలి, శక్తికి మించిన పని చెప్పరాదు, చెప్పవలసి వస్తే మీరు కూడా చేయి వేయాలి. మామిడి సీమలో ఉండే మనం ‘మీరు తినేదే’ అన్న మాట దగ్గర ఆగవలసి ఉన్నది. బుట్టలోని మంచి కాయ చుట్టాలకు, మచ్చపడినదీ, దెబ్బ తగిలినదీ, గాలికి రాలినదీ పనివారికి! మదీనాలో ఖర్జూర తోటల యజమానులు మస్జిదులోని పేదల కోసం గెలలు వ్రేలాడదీసేవారు. కొందరు ఎండి పాడైన గెలలు తెచ్చి కట్టారు. మీకే ఎవరైనా ఇస్తే కళ్ళు మూసుకుని గాని తీసుకోని సరుకును దానానికి ఎంచుకోవద్దని బఖరా సూరాలో హెచ్చరిక అవతరించింది ఆ సందర్భంలోనే. అది దానం గురించిన మాట. పనివారికి ఇచ్చేది దానం కూడా కాదు, వారి చెమటకు అంటిన హక్కు. ఇక వండినవారి సంగతి: పొయ్యి వేడిని, పొగను భరించి అన్నం తెచ్చినవానిని ప్రక్కన కూర్చోబెట్టుకోవాలనీ, అది కుదరకపోతే ఒకటి రెండు ముద్దలైనా చేతికందించాలనీ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞుడు కాడన్నది కూడా వారి బోధయే. ‘కూర బాగుందమ్మా’ అనడానికి ఖర్చేమీ లేదు. ఆ మాట అనలేని ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి.

మన తెలుగు నేల నుండి, ముఖ్యంగా గోదావరి జిల్లాల నుండి, కడప సీమ నుండి, వేలాది స్త్రీలు కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళారు. వారిలో మన చెల్లెళ్ళూ ఉన్నారు. అక్కడి యజమాని ఫోను లాక్కున్నాడనో, శుక్రవారం కూడా పని చేయించాడనో కబురు వస్తే మన రక్తం ఉడుకుతుంది, ఉడకాలి కూడా. అయితే కువైట్ ప్రభుత్వం 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి వారానికొక రోజు సెలవును, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవును, రోజుకు 12 గంటలకు మించని పనిని నిర్దేశించింది. అక్కడ దాని అమలులో లోపాలు ఉన్నాయి, ఆ బాధలు మనం వింటూనే ఉన్నాము. కాని మన దేశంలో ఇంటి పనివారి సెలవు గురించి అటువంటి ప్రత్యేక కేంద్ర చట్టమే లేదు. ఇంటి పనివారికి వారంలో వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక 2011 జూన్ 16న జెనీవాలో ఆమోదం పొందింది. భారతదేశం దానిని ఇంకా ధ్రువీకరించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి దుకాణాల చట్టం క్రింద బజారులో బట్టల కొట్టు గుమాస్తాకు వారాంతపు సెలవు హక్కుగా ఉన్నది. ఆ కొట్టు యజమాని ఇంట్లో వండే మనిషికి లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటి పనివారి కోసం చట్టం అవసరాన్ని పరిశీలించడానికి ఒక కమిటీని నియమించమని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం వచ్చినప్పుడు వస్తుంది. కువైట్ సేఠ్ నుండి మన చెల్లికి మనం ఏ సెలవు కోరుతున్నామో, ఆ సెలవును మన ఇంట ఉన్న మరొకరి చెల్లికి ఇవ్వడానికి కేంద్రం అనుమతి అక్కరలేదు. పదునాలుగేళ్ళ లోపు పిల్లలను ఇంటి పనికి పెట్టుకోవడం మాత్రం 2006 అక్టోబరు 10 నుండి నేరం. ‘చదివిస్తాం’ అని తెచ్చుకుని గిన్నెలు తోమించేవారు ఈ సంగతి ఎరిగి ఉండాలి.

అడ్వాన్సు ఇచ్చాము గనుక అప్పు తీరేదాకా కదలరాదనే యజమానులు కూడా మన సీమలో ఉన్నారు. 1976 నాటి చట్టం వెట్టిని నిషేధించినది ఇటువంటి కట్టుబాటునే. అప్పు మీద మీకు హక్కు ఉండవచ్చు, మనిషి మీద లేదు. కూలి మనిషి చేత పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాని పక్షాన ప్రళయ దినాన ఎవరూ నిలబడలేరు, అతనికి ఎదుటి కక్షిదారు స్వయంగా అల్లాహ్‌యే అని హదీసె ఖుద్సీలో ఉన్నది.

ఏమి చేయాలి అని అడిగేవారికి మేము చెప్పగలిగినది చాలా చిన్నది. కుదుర్చుకునే నాడే జీతం ఎంత, వారంలో ఏ రోజు సెలవు, ఏ పండుగకు ఎన్ని రోజులు అన్నది ఇద్దరూ చెప్పుకోండి. బఖరా సూరాలో అప్పు విషయమై వ్రాసుకోమన్న ఆదేశం ఉన్నది గదా, దీనిని కూడా కాగితం మీద పెట్టుకోవడం మంచిది. సెలవు ఆమె కోరిన రోజున ఇవ్వండి, మీకు పని లేని రోజున కాదు. మంచాన పడ్డ పెద్దలున్న ఇళ్ళలో ఇది కష్టమని మాకు అనుభవమే. అటువంటప్పుడు ఇంటి కొడుకులు వంతు వేసుకోవాలి. తల్లిదండ్రుల సేవ మొదట వారి బాధ్యత, పనిమనిషిది కాదు. పిల్లలు అమెరికాలోనో, రియాద్‌లోనో ఉన్నవారు, ఆ ఒక్క రోజుకు మరొక మనిషిని పెట్టే ఖర్చు పంపాలి. రాత్రి వేళ వారి నిద్రను కూడా సెలవుగానే లెక్కించండి. హజ్రత్ ఉస్మాన్ (రజియల్లాహు అన్హు) రాత్రి వుజూ నీళ్ళు తామే తెచ్చుకునేవారనీ, సేవకులను లేపవచ్చు గదా అంటే, రాత్రి వారి విశ్రాంతి కోసమని జవాబిచ్చేవారనీ చరిత్రకారులు వ్రాశారు.

మా ఇంట ఇప్పుడు వంట చేసే అమ్మ ఆదివారం ఉదయమే ఊరికి వెళ్ళిపోతుంది. మొదటి ఆదివారం మేమూ, మా చిన్నవాడూ కలిసి వండిన పప్పు అడుగంటింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంటి పనుల్లో ఇంటివారికి తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) చెప్పిన హదీసును, మాడిన గిన్నె తోముతూ, మావాడు మాకే గుర్తుచేశాడు. ఇప్పుడు కొంత చేయి తిరిగింది. ఆమె సోమవారం ఉదయం మొదటి బస్సుకు వస్తుంది, ఒక్కోసారి రెండో బస్సుకు.