ముందు పని చూడండి... తర్వాతే గేరుబాక్సు!

"అక్కా, గేరుబాక్సు మారుద్దాం. ఎనక హౌసింగ్ గూడ మారుద్దాం. బండి ఇమానం లెక్క పోతది!" అన్నాడు ఉస్తాద్.

ఆ బండి మా మామగారిది. 1968లో రిజిస్టరైన జీపు పికప్. సుల్తాన్‌పూర్‌లో మా మొక్కల నర్సరీ మొదలైనప్పటి నుంచీ ఎరువు మోసిందీ, కుండీలు మోసిందీ అదే. ఆయన పోయాక రెండేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఇక నేను నడుపుతానన్నాను. మూడే గేర్లు. బండి పూర్తిగా ఆగితేగానీ మొదటి గేరు సాఫీగా పడదు. బలవంతంగా వేస్తే కరకరమంటుంది. బండి ఒక్క కుదుపు కుదిపితే వెనక రెండు మట్టికుండీలు పగిలినట్టే!

ఇంట్లో తలా ఒక మాట. "వదినా, ముందు హౌసింగ్ మార్పిద్దాం. రోడ్డు మీద లారీలు గూడ మనల్ని దాటిపోతున్నయ్" అని మరిది. "మీ మామ చేతిబండి. ఒక్క ముక్క గూడ మార్చకుండ్రి" అని అత్తమ్మ. ఉస్తాదేమో రెండూ మార్చేద్దామంటాడు. నడిపేది ఎవరు, మోసేది ఏమిటి అని మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే నేనే కాగితం, కాలిక్యులేటరు పట్టుకుని కూర్చున్నాను.

మన ప్రాంతానికి బండ్ల తయారీ కొత్తేమీ కాదు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు జపాన్ నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు తయారుచేశారు. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వచ్చింది. ఇదే సుల్తాన్‌పూర్‌లో 2022లో మహిళా పారిశ్రామికవేత్తల కోసం ప్రత్యేకంగా పార్కు మొదలైంది. యంత్రాల గురించి నిర్ణయాలు తీసుకునే ఆడవాళ్లు మన మధ్య చాలామందే ఉన్నారు. అలాంటప్పుడు ఒక గేరుబాక్సు లెక్క మనకు అర్థం కాకపోతుందా?

కుట్టుమిషన్ లెక్కే!

తొక్కే కుట్టుమిషన్‌ని గుర్తుతెచ్చుకోండి. కింద పెద్ద చక్రం ఒకసారి తిరిగితే పైన చిన్న చక్రం చాలాసార్లు తిరుగుతుంది. బండి వెనక ఇరుసులో జరిగేది దీనికి తిరగేసిన పని. అక్కడ చిన్న పినియను చాలాసార్లు తిరిగితే పెద్ద క్రౌను చక్రం ఒకసారి తిరుగుతుంది. దానితోపాటు బండి చక్రమూ ఒకసారి తిరుగుతుంది. పాత జీపుల్లో పినియనుకు 8 పళ్లు, క్రౌనుకు 43 పళ్లు. 43ని 8తో భాగిస్తే సుమారు 5.38. మెకానిక్కులు 'రేషియో' అనేది ఈ అంకెనే.

అంకె పెద్దదైతే లాగే బలం ఎక్కువ, పరుగు తక్కువ. చిన్నదైతే పరుగు ఎక్కువ, బలం తక్కువ. గేరుబాక్సులో ఒక్కో గేరుకీ ఇలాంటి అంకే ఉంటుంది. ఈ రెండు అంకెలనూ గుణిస్తే వచ్చేదే బండి అసలు బలం. అందుకే గేరుబాక్సునీ ఇరుసునీ విడివిడిగా బేరం చేయకూడదు. రెండూ కలిపే చూడాలి.

నాలుగు దారులు, ఒక కాగితం

మా పాత గేరుబాక్సులో మొదటి గేరు 2.8, చివరి గేరు 1. ఉస్తాద్ చూపించిన ఐదు గేర్ల బాక్సులో మొదటిది 3.7, ఐదోది 0.8. ఆయన తెస్తానన్న హౌసింగ్ రేషియో 4.27. మా 16 అంగుళాల రిమ్ము టైరు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 2.2 మీటర్లు నడుస్తుంది. ఇక లెక్క చూడండి.

ఏమీ మార్చకపోతే మొదటి గేరు బలం 15. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఇంజను నిమిషానికి సుమారు 2,450 చుట్లు తిరుగుతుంది. చెవులు చిల్లులు పడే మోత!

హౌసింగ్ ఒక్కటే మారిస్తే ఇంజను చుట్లు 1,940కి తగ్గుతాయి. కానీ మొదటి గేరు బలం 12కి పడిపోతుంది. ఎరువు నింపుకుని మిట్ట మీద బయల్దేరాలంటే క్లచ్ నొక్కిపట్టి వదలాల్సిందే. క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తుంది.

గేరుబాక్సు ఒక్కటే మారిస్తే మొదటి గేరు బలం దాదాపు 20. ఐదో గేరులో 60 వేగం దగ్గర ఇంజను చుట్లు 1,960 మాత్రమే. అంటే హౌసింగ్ మార్చితే దొరికే సుఖం దీనితోనే దొరికింది. పైగా బలమూ పెరిగింది.

రెండూ మారిస్తే? మొదటి గేరు బలం 15.8, పాతదానికి కాస్త ఎక్కువ. ఐదో గేరులో చుట్లు 1,550కి పడిపోతాయి. ముసలి ఇంజనుకు అది మోయలేని గేరు. బరువుతో వెళ్తే ఎప్పుడూ నాలుగులోనే నడపాలి. డబ్బు పోసి కొన్న ఐదో గేరు ఊరికే ఉంటుంది.

కాగితం చూపిస్తే ఉస్తాద్ తల గోక్కున్నాడు. "హౌసింగ్ పైసలు మిగిలినయ్ అక్కా" అని నవ్వాడు.

చాక్‌పీసుతో పరీక్ష

ఆటోనగర్‌లో పాత హౌసింగ్ కొనేటప్పుడు అమ్మేవాడు చెప్పే రేషియో నమ్మకండి. చాక్‌పీసుతో మీరే తేల్చుకోవచ్చు. హౌసింగ్ రెండు వైపులా ఎత్తి గట్టి స్టాండ్ల మీద పెట్టించాలి. పినియను దగ్గర ఒక గీత, చక్రం మీద ఒక గీత గీయాలి. రెండు చక్రాలనూ కలిపి ఒకే వైపు ఒక పూర్తి చుట్టు తిప్పించి, పినియను ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఐదుకి కాస్త పైన వస్తే 5.38 కావచ్చు. నాలుగూ పావు వస్తే 4.27 కావచ్చు. పళ్లు లెక్కపెడితే ఇక అనుమానమే ఉండదు.

ఫోర్‌వీల్ డ్రైవ్ జీపయితే ఇంకో చిక్కుంది. వెనక రేషియో మారిస్తే ముందుదీ మార్చి తీరాలి. లేకపోతే ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. ఎక్కడో ఒకచోట పళ్లు విరుగుతాయి. మాది వెనక చక్రాలతో నడిచేదే కాబట్టి ఆ బెడద లేదు.

హౌసింగ్ వెడల్పు కూడా కొలిపించండి. ఎక్కువైతే టైర్లు మడ్‌గార్డు దాటి బయటికొస్తాయి. కమాన్ కట్టలు కూర్చునే చోటు సరిపోకపోతే వెల్డింగ్ పెట్టాలి. చక్రం బోల్టుల వరస వేరైతే స్టెప్నీ ఒక్కటి చాలదు. గేరుబాక్సు పొడవైతే ప్రొపెల్లర్ షాఫ్టు కోయించి, మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి. బ్యాలెన్స్ లేని షాఫ్టు కాస్త వేగం అందుకోగానే బండినంతా వణికిస్తుంది. ఇవన్నీ మొదటే కాగితం మీద రాయించుకోకపోతే "ఇదొక్కటి అక్కా, అదొక్కటి అక్కా" అంటూ బిల్లు రెట్టింపవుతుంది.

వేగం పెరిగితే ఆపేదెలా?

ఆ కాలం బండ్లకు నాలుగూ డ్రమ్ము బ్రేకులే. బ్రేకు నూనె పైపు ఎక్కడ తెగినా పెడల్ కిందికి పోవాల్సిందే. అలాంటి బండికి పరుగు నేర్పేముందు ఆగడం నేర్పాలి కదా! హౌసింగ్ మార్చితే వెనక పెద్ద డ్రమ్ములు రావచ్చు. ముందు చిన్నవే ఉంటే తడిరోడ్డు మీద వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి పక్కకు జారుతుంది. మార్చితే నాలుగింటినీ సరిచూడాలి.

స్పీడోమీటరు సంగతీ మరిచిపోవద్దు. అది గేరుబాక్సు వైపు నుంచి తిరిగేదైతే హౌసింగ్ 5.38 నుంచి 4.27కి మారాక ముల్లు 50 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 63లో పోతుంటుంది!

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. కాబట్టి కోతలూ వెల్డింగులూ మొదలుపెట్టేముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

యాభై ఏళ్లు దాటిన బండ్లను 'వింటేజ్'గా నమోదు చేసుకునే వీలు 2021 జూలైలో వచ్చిన నిబంధనలతో కలిగింది. రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా ఉండాలి. ఆ నంబరుతో ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లొచ్చుగానీ వ్యాపారానికి రోజూ తిప్పకూడదు. నాకేమో మొక్కలు మోయాలి. అందుకని ఇప్పటికి ఫిట్‌నెస్ చేయించుకుంటూ మామూలు ఆర్సీతోనే నడుపుతున్నాం. రేపు మనసు మారినా ఇబ్బంది లేకుండా ఛాసిస్ ఎక్కడా కోయనివ్వలేదు. కొత్త గేరుబాక్సును బోల్టులతో బిగించే పట్టీ మీదే కూర్చోబెట్టించాను. పాతదాన్ని శుభ్రం చేసి, నూనె పట్టించి, గోనెసంచిలో చుట్టి షెడ్డులో దాచాం. హౌసింగ్ పాతదే. బేరింగులు, ఆయిల్ సీళ్లు, బ్రేకులు మాత్రం కొత్తవి వేయించాం.

మొదటిరోజు నిండా గులాబీ కుండీలతో పటాన్‌చెరు బయల్దేరాను. అత్తమ్మ పక్కసీట్లో ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా మాట్లాడలేదు. గేరు మారిన ప్రతిసారీ నా చేతివైపే చూసింది. దిగాక వెనక్కి వెళ్లి కుండీలన్నీ ఒక్కొక్కటిగా తడిమింది. ఒక్కటీ పగల్లేదు.

"మీ మామ బండే" అంది.