పాత మోటారుకారు: చలియు, తుప్పును



భీమునిపట్నమున కారులోని నీరు గడ్డకట్టుటయా యని మీరు నవ్వవచ్చును. మా యూర పుష్యమాసమున సయితము తెల్లవారుజామున ఉత్తరీయము కప్పుకొన్న చాలును. కాని ఇచ్చటి పాతకారుల యజమానులు కొందరు ఆ నెలలోనే లంబసింగికిని, అరకులోయకును ప్రయాణమగుచుందురు. సుమారు 1000 మీటర్ల ఎత్తుననున్న లంబసింగియందు కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దాపునకు దిగును.

చల్లబడిన కొలది కుదియుట సాధారణముగ పదార్థముల స్వభావము. నీరు 4 డిగ్రీల వఱకే కుదిసి, పిమ్మట వ్యాకోచింప నారంభించును. గడ్డకట్టునప్పుడు దాని పరిమాణము నూటికి సుమారు 9 పాళ్లు హెచ్చును. ఇంజను గర్భమున ఆ హెచ్చునకు చోటెక్కడిది? పోత ఇనుము సాగునది కాదు, పగులును. ఇంజను ప్రక్కనుండు గుండ్రని రేకుబిళ్లలు ముందుగా ఊడివచ్చి దానిని కాపాడునని కొందరందురు. ఆ రంధ్రములు పోతపోసిన ఇసుకను తీయుటకై విడిచినవి, వానిని నమ్ముకొనరాదు.

లంబసింగిలో ఒక్క రాత్రికే ఇంజను పగులునని నేను భయపెట్టను. కాశ్మీరమునకు పోవువారికిని, అమెరికా ఉత్తరరాష్ట్రములందు పాతకారులను పోషించుకొను మనవారికిని అది నిజమైన భయమే. మనకు అసలు శత్రువు తుప్పు.

నా పూర్వశిష్యుడొకడు, తండ్రి నడపిన అంబాసిడరును పాకలో నిలుపునపుడు, ఎవరో చెప్పిరని నీరంతయు తీసివేసి కొళాయిలు తెఱచియుంచెను. రెండు వర్షాకాలములు గడచినవి. మా సముద్రపు గాలి తడిని, ఉప్పును మోసికొనివచ్చునది. ఇనుమునకు తడియు, గాలియు కలిసినచో వేఱొక శత్రువు అక్కఱలేదు. తిరిగి నీరు పోసి నడపగా ఎఱ్ఱని బురద కదలి రేడియేటరు సన్నగొట్టములలో పేరుకొన్నది, ఇంజను ఉడికిపోయినది. ఆ కారు తయారీ 2014లోనే ఆగినది గాన, క్రొత్త భాగములకై కంపెనీ తలుపు తట్టుటకును వీలులేదు. తండ్రి జ్ఞాపకమని ఆతడు దాచుకొన్న వస్తువది.

కాబట్టి నిలిపియుంచు కారును ఖాళీగా ఉంచుటకంటె, మంచి ద్రవముతో నిండుగా ఉంచుట మేలు. నిండిన గర్భములో గాలికి చోటు తక్కువ. ఎక్కడనో కారుచుండగా దానిని బాగుచేయింపక, దినదినము చెంబెడు నీరు పోయువారు తుప్పునకు దినదినము క్రొత్త గాలిని అందించుచున్నారు. నూతినీరు అసలే వద్దు. సముద్రము దాపున అందులో లవణము హెచ్చు. ఉప్పునీట ఇనుమును, ఇత్తడియు కలిసియున్నచో చిన్న బ్యాటరీ వలె పనిచేసి ఇనుము కరగిపోవును. బ్యాటరీలకు వాడు స్వేదనజలమే పోయవలెను.

ఇక మందు. పూర్వము శీతదేశములయందు మద్యసారము కలిపెడివారు. వేడికి అది ఆవిరియై పోవుచుండెను. ఇప్పుడు వాడునది ఇథిలీన్ గ్లైకాలు. సగము నీరు, సగము గ్లైకాలు కలిపినచో సున్నకు క్రింద సుమారు 37 డిగ్రీల వఱకు గడ్డకట్టదు. మందెక్కువైన మేలెక్కువ యనుకొనరాదు: నీరు కలుపని గ్లైకాలు సున్నకు క్రింద 13 డిగ్రీలకే గడ్డకట్టును! మన ప్రాంతమున మూడవవంతు చాలును. గ్లైకాలు తనంతట తుప్పు నాపదు. ఆపునవి కంపెనీవారు దానిలో కలుపు ఇతర ద్రవ్యములు. అవి క్రమముగ క్షీణించును గాన, రెండేండ్లకొకసారి మార్చవలెను. పాత రేడియేటరులు ఇత్తడితో చేసి సీసము కలిసిన టంకముతో అతికినవి. అట్టివానికి తగినదేనా యని డబ్బాపై చదివి కొనుడు.

మార్చునపుడు ఇంజను పూర్తిగ చల్లారనిండు. వేడిమీద మూత విప్పిన ముఖము కాలును. రేడియేటరు అడుగునను, ఇంజను ప్రక్కనను గల రెండు కొళాయిలను తెఱవవలెను. రెండవదానిని చాలమంది మఱతురు. అందుండి ఏమియు రాకున్నచో బురద అడ్డుపడియున్నదని తెలిసి, తీగతో మెల్లగ పొడువుడు. పిదప క్రింది గొట్టమునుండి పైకి నీరు తోలి, తేటనీరు వచ్చు వఱకు కడుగవలెను.

గ్లైకాలు తియ్యనిది, విషము. తీసిన దానిని వాకిట పారబోసినచో కుక్కలు, పిల్లులు నాకి చచ్చును. తాగునీటి సీసాలో పోసి యుంచకుడు. పిల్లలెవరైన మ్రింగినచో లక్షణములకై ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.