ఫ్యూజు పోతే చెయ్యి పెట్టేదెవరు?

అనంతపురం జిల్లాలో బోరు కింద సేద్యం చేసే రైతుకు పగటిపూట వచ్చే ఉచిత కరెంటు 9 గంటలు. పల్లెలో ఫ్యూజు పోతే సరిచేయడానికి డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థకు) ఉన్న గడువు 12 పని గంటలు. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లో సేవా ప్రమాణాల్లో రాసిన లెక్క ఇది. పట్టణాలకైతే 4 గంటలే. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. కల్యాణదుర్గం వైపో రాయదుర్గం వైపో రైతు కటింగ్ ప్లేయర్ పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి ఎందుకు పోతాడో తెలిసిపోతుంది. ఎవరూ ఏ నిబంధనా తప్పకుండానే ఆ రోజు తడి మొత్తం పోవచ్చు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల మీద, పిందె పట్టిన చీనీ తోటకు ఆ తడి ఎంత విలువైనదో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు.

అయినా ఆ ఫ్యూజు జోలికి రైతు పోకూడదు. ఊళ్లో ఎలక్ట్రీషియన్ కూడా పోకూడదు.

ఇంటి సంగతి తేలిక. మీటరు, దాని ముందున్న ఫ్యూజు కటౌట్ డిస్కంవి. మీటరు సీలు తీసే అధికారం డిస్కం సిబ్బందికి తప్ప ఎవరికీ లేదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006 నిబంధనలు చెబుతున్నాయి. దొంగ కరెంటు కోసం మీటరును తారుమారు చేసినట్టు తేలితే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు.    మీటరు తర్వాత మెయిన్ స్విచ్ ఉంటుంది. ఎలక్ట్రీషియన్ పని అక్కడినుంచే మొదలు.

ప్రాణాలు తీసేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఫ్యూజు. తడి చేతులతో ఉన్న మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌లు అనుకుందాం. 240 వోల్టులు తగిలితే ఒంట్లోంచి పారేది 240 మిల్లీ ఆంపియర్లు. 10 దాటితేనే పట్టుకున్న వైరు వదలడం కష్టం, 100 దగ్గర గుండె లయ తప్పుతుంది. 16 ఆంపియర్ల ఫ్యూజు కరగాలంటే 16,000 మిల్లీ ఆంపియర్లకు పైనే పారాలి. మనిషిని చంపే కరెంటు ఆ ఫ్యూజుకు లెక్కలోకే రాదు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే కరెంటు ఆపే ఏబీ స్విచ్ దించాం కదా అంటారు. దానికి మూడు బ్లేడ్లు. తుప్పు పట్టి ఒకటి అతుక్కుపోయినా కింది నుంచి చూసేవాడికి తెలియకపోవచ్చు. అన్నీ తెరుచుకున్నా పైవైపు 11 కేవీ లైను అలాగే ఉంటుంది. అందులో ఒక్కో ఫేజుకూ భూమికీ మధ్య 6,350 వోల్టులు. అది తాకనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు. లైన్‌మన్ మాత్రం సబ్‌స్టేషన్ ఆపరేటర్‌తో మాట్లాడి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటాడు, ఫీడర్ ఆపిస్తాడు, ఎర్త్ రాడ్లు వేశాకే చెయ్యి పెడతాడు. అలా చేయని లైన్‌మన్లూ చనిపోతున్నారు. ఇక రైతును కాపాడేది ఏముంది?

అసలు ఫ్యూజు ఎందుకు పోతుందో కూడా చూడాలి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల దగ్గర ఇవ్వగలిగింది ఫేజుకు 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటారు సుమారు ఏడెనిమిది లాగుతుంది. అంటే నాలుగు మోటార్లతోనే సరి. అయిదోది అనధికారంగా తగిలిస్తే ఫ్యూజు తప్పేమీ లేదు. పైగా ఆటోమేటిక్ స్టార్టర్లు. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారిగా లేస్తాయి. ఆ కొద్ది సెకన్లు ఒక్కోటి అయిదారు రెట్లు లాగుతుంది, నాలుగూ కలిస్తే 150 ఆంపియర్లు దాటుతుంది. ఫ్యూజు పోతుంది. విసిగిన రైతు లావు తీగ చుడతాడు. తీగ మందం రెట్టింపు చేస్తే అది కరగడానికి కావలసిన కరెంటు 2.8 రెట్లవుతుంది. ఈసారి ఫ్యూజు నిలుస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ కాలుతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి పల్లెల్లో గడువు 48 గంటలు.

రైతును తప్పుపట్టి ఊరుకుంటే ఇది ఆగదు. 9 గంటల కరెంటుకు 12 గంటల గడువు న్యాయం కాదు. వ్యవసాయ ఫీడర్లకూ పట్టణాల 4 గంటలే వర్తింపజేయాలి. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లు ఉన్నారు. మనుషులు లేరన్న మాట ఇక చెల్లదు.

అంతవరకు ఫ్యూజు పోతే 1912కు ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు, టైము రాసి పెట్టుకోండి. గడువు దాటితే పరిహారం అడిగే హక్కు మీది, దానికి రుజువు ఆ నంబరే.