కంకర గట్టిదైతేనే రోడ్డు గట్టిది

మన పేటలో సిమెంటు రోడ్డు పడిందంటే అందరికీ సంతోషమే. కానీ కొన్ని రోడ్లు నాలుగు వానాకాలాలు గడవకముందే పైపొర లేచిపోయి, కంకర తేలి, సైకిలు తొక్కడానికి కూడా పనికిరాకుండా పోతాయి. వెంటనే మనం "సిమెంటు తక్కువ వేశారు" అంటాం. అది ఒక కారణం కావచ్చు. అయితే కాంక్రీటు పరిమాణంలో సుమారు నాలుగింట మూడు వంతులు కంకర, ఇసుకలే. కంకర నాసిరకమైతే ఎంత సిమెంటు పోసినా రోడ్డు నిలవదు. అందుకే పనికి ముందే కంకరను పరీక్షించాలి.

ముందు నమూనా సరిగా తీయాలి. కుప్ప పైనుంచి గంపెడు తెస్తే చాలదు. పైన, మధ్యలో, అడుగున తీసి కలిపి, గుండ్రంగా పరచి నాలుగు భాగాలు చేస్తారు. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలను ఉంచుకుంటారు.

అరుగుదల పరీక్ష: దీనికి లాస్ ఏంజిలిస్ యంత్రం వాడతారు. ఇది ఇనుప పీపా. కంకర సైజును బట్టి నమూనాను, ఉక్కు గుండ్లను అందులో వేసి తిప్పుతారు. 20 మి.మీ. కంకరకైతే 5 కిలోల నమూనా, 11 గుండ్లు, 500 చుట్లు. తర్వాత 1.70 మి.మీ. జల్లెడ పడతారు. 5000 గ్రాములలో 1100 గ్రాములు పొడిగా రాలిందనుకుందాం. అరుగుదల 22 శాతం. చక్రాలు రాసుకునే పైపొరకు ఇది 30 శాతం మించకూడదని ఐ.ఎస్. 383 ప్రమాణం చెబుతుంది.

దెబ్బ పరీక్ష: గిన్నెలో పోసిన కంకరపై సుమారు 14 కిలోల సుత్తిని 380 మి.మీ. ఎత్తునుంచి 15 సార్లు పడవేస్తారు. 2.36 మి.మీ. జల్లెడలోంచి రాలిన పొడి పైపొరకు 30 శాతం లోపే ఉండాలి.

నీటి పరీక్ష: కంకరను 24 గంటలు నానబెట్టి, పైతడి తుడిచి తూస్తారు. మళ్ళీ ఓవెన్‌లో ఆరబెట్టి తూస్తారు. ఆ తేడాయే రాయి పీల్చిన నీరు. ఎక్కువ పీల్చిందంటే లోపల సన్నని రంధ్రాలు ఎక్కువని అర్థం.

ఆకారం: సగటు సైజులో 0.6 వంతుకంటే పలుచనివి, 1.8 రెట్లకంటే పొడవైనవి బరువు పడితే తేలికగా విరుగుతాయి. అవి తక్కువగా ఉండాలి.

యంత్రం లేకపోయినా మనం ఒకటి చూడవచ్చు. గాజు సీసాలో గుప్పెడు కంకర వేసి, నీళ్ళు పోసి ఊపండి. నీళ్ళు బురదగా మారితే రాయికి మట్టి, దుమ్ము పట్టి ఉన్నట్టే. ఆ పొర ఉంటే సిమెంటు రాయిని గట్టిగా పట్టుకోదు.

మిత్రులారా! 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పనుల రికార్డులు చూడటమే కాదు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో అడిగి తీసుకోవచ్చు. కాబట్టి ఈసారి మన వీధిలో కంకర కుప్ప దిగితే "పరీక్ష నివేదిక ఏదండీ?" అని మర్యాదగా అడుగుదాం. మనం చదివే చదువు మన వీధికి ఉపయోగపడాలి కదా!