సమస్యను పక్కన పెట్టడం ఎప్పుడు ఫలిస్తుంది?

కొత్త ఆలోచన రూపుదిద్దుకొనే క్రమాన్ని నాలుగు దశలుగా వివరించినవారు, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బోధించిన గ్రాహమ్ వాలస్. 1926లో వెలువడిన ‘ది ఆర్ట్ ఆఫ్ థాట్’ అనే గ్రంథంలో ఆయన, సమస్యను అన్ని వైపుల నుంచి తరచి చూడడాన్ని సన్నాహమనీ, దానిని పక్కనపెట్టి వేరే పనిలో పడడాన్ని పొదుగుదల అనీ, పరిష్కారం హఠాత్తుగా తోచడాన్ని స్ఫురణ అనీ, తోచినదానిని సరిచూసుకోవడాన్ని నిర్ధారణ అనీ విభజించారు. సృజనాత్మకతను పెంచే అలవాట్ల పేరిట నేడు వినిపించే సలహాలలో అధికభాగం, అంటే నడవమనీ, కునుకు తీయమనీ, మనసును దాని దారిన పోనివ్వమనీ చెప్పేవన్నీ, రెండవ దశకు చెందినవే. మొదటి దశ ఊసు వాటిలో అరుదు. అది చిన్న లోపమేమీ కాదు.

సియో, ఆర్మరాడ్ అనే పరిశోధకులు 2009లో 117 అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి విశ్లేషించినప్పుడు, విరామం సమస్యా పరిష్కారానికి తోడ్పడుతుందని తేలడంతోపాటు, విరామానికి ముందు సన్నాహానికి వెచ్చించిన కాలం ఎక్కువైనకొద్దీ ఆ ప్రయోజనం కూడా పెరుగుతుందని వెల్లడైంది. విరామం ఎందుకు పనిచేస్తుందన్న విషయంలో రెండు వాదాలున్నాయి: మనసు పట్టుకు వేలాడుతున్న తప్పుదారి ఈ వ్యవధిలో మరపున పడి కొత్త దారికి చోటిస్తుందన్నది ఒకటి; స్పృహకు అందని స్థాయిలో జ్ఞాపకాల మధ్య సంబంధాల అన్వేషణ కొనసాగుతూనే ఉంటుందన్నది మరొకటి.

నిద్రపై జరిగిన ప్రయోగాలు ఇక్కడ మరింత స్పష్టమైన సాక్ష్యమిస్తాయి. ఉల్రిక్ వాగ్నర్, యాన్ బోర్న్ తదితరులు 2004లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన అధ్యయనంలో, అంకెల వరుసను నిర్దేశిత నియమాల ప్రకారం మెట్టుమెట్టుగా కుదించి జవాబు రాబట్టే పని అప్పగించారు. ఆ మెట్లన్నీ ఎక్కనవసరం లేని దగ్గరిదారి ఒకటి అందులో దాగి ఉన్న సంగతి మాత్రం చెప్పలేదు. ముందుగా కొంత సాధన చేసి, ఎనిమిది గంటలు నిద్రించినవారిలో ఆ దారిని కనిపెట్టినవారు, అంతే కాలం మేలుకొని ఉన్నవారికంటే రెండింతలకు పైగా ఉన్నారు. సాధన చేయకుండా నిద్రించి లేచినవారికి ఆ నిద్ర వల్ల ఏ ప్రయోజనమూ కలగలేదు.

ఇదే తరహా పనితో పారిస్ పరిశోధకులు 2021లో జరిపిన ప్రయోగం కునుకు వైపు దృష్టి మళ్లించింది. ఇరవై నిమిషాల విరామంలో, మెలకువకూ నిద్రకూ నడుమనుండే మొదటి మగత దశలో కనీసం 15 సెకన్లు గడిపినవారిలో 83 శాతం మంది రహస్య నియమాన్ని పట్టుకోగా, మేలుకొని ఉన్నవారిలో 30 శాతం మందే పట్టుకోగలిగారు. అంతకంటే లోతైన నిద్రలోకి జారినవారిలో ఆ సంఖ్య 14 శాతానికి పడిపోయింది. కుర్చీలో కునికే వేళ చేతిలో లోహపు గోళాలు పట్టుకొని, అవి జారిపడిన చప్పుడుకు మేల్కొనేవారని ఎడిసన్ గురించి చెప్పుకొనే కథను ఈ పరిశోధకులు తేలికగా తీసుకోలేదు. ప్రయోగంలో పాల్గొన్నవారి చేతికీ ఒక వస్తువు ఇచ్చారు. భుక్తాయాసంతో గంటల తరబడి తీసే మధ్యాహ్న నిద్రకు ఈ ఫలితాన్ని సమర్థనగా వాడుకోవడం మాత్రం కుదరదు.

నడక విషయం వేరు. ఒకే ప్రశ్నకు అనేక సమాధానాలు వెదికే బహుముఖ చింతనను కొలవడానికి, బొత్తాం వంటి మామూలు వస్తువుకు కొత్త ఉపయోగాలు చెప్పమని అడిగే పరీక్ష ఒకటి వాడుకలో ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒప్పెజో, ష్వార్ట్జ్‌లు 2014లో ప్రచురించిన ప్రయోగాలలో, కూర్చున్నప్పటికంటే నడిచేటప్పుడు ఇటువంటి సమాధానాలు సగటున 60 శాతం పెరిగాయి. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా మేలు కనిపించినందువల్ల, దానిని పచ్చని పరిసరాలకే ఆపాదించడానికి వీలులేదు. అయితే ఈ ప్రయోగాలలో తరచు ఉదహరింపబడని భాగం మరొకటుంది: మూడు పదాలకూ కలిసే ఒకే ఒక్క పదాన్ని కనుగొనవలసిన పరీక్షలో, అంటే ఏకముఖ చింతనలో, నడిచేవారు కూర్చున్నవారికంటే కొంత వెనుకబడ్డారు. వాలస్ చెప్పిన నాలుగవ దశకు కావలసింది ఈ రెండవ రకం ఆలోచనే కనుక, నడకలో తోచినవాటిని సరిచూసే పనిని బల్ల దగ్గరకు చేరేదాకా వాయిదా వేయడం సబబు.